రిజిస్టరులో లేని కొట్లాటలు

ఇరాక్ సైన్యం వెళ్లిపోయాక కువైట్‌లో మా భారతీయుల బడి మళ్లీ తెరిచారు. పిల్లలు మాటకు ముందే చెయ్యెత్తేవారు. కొట్లాటలు మాన్పించడానికి వారానికో పాఠం పెట్టారు. అది పనిచేసిందో లేదో తేల్చి బడి బోర్డుకు నివేదిక రాసే పని టీచరునైన నాకు అప్పగించారు. రిజిస్టరు చూస్తే ఫిర్యాదులు బాగా తగ్గాయి. అదే రాశాను.

మా బడిలో ఆయాగా పనిచేసే ఆమెది రాయచోటి. సైన్యం ఉన్నన్నాళ్లూ ఊళ్లోనే సల్వా అనే పేటలో ఒక ఇంట్లో తలుపులు వేసుకుని బతికిన మనిషి. పిల్లలు కొట్టుకుంటే దెబ్బ తిన్నవాడి దగ్గరికి కాక, కొట్టినవాడి దగ్గరికే ముందు వెళ్లేది. వాడి చెయ్యి పట్టుకుని, "నొస్తాందా నాయనా?" అని అడిగేది. నాకది వింతగా ఉండేది.

నివేదిక పంపేముందు, కొట్లాటలు తగ్గాయని ఆమెకు చెప్పాను.

"యాడ తగ్గినాయి మేడమ్? నీళ్ల ట్యాంకు ఎనక్కి పోయినాయి. మీరు రాసుకుంటారని పిల్లోళ్లకు తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడడిగినారు?"

ఆ మధ్యాహ్నం ఆమె వెంట వెళ్లాను. ట్యాంకు వెనక ఏడో తరగతి వాడొకడు ఇంకొకడి మీద కూర్చుని గుద్దుతున్నాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఎప్పటిలాగే అడిగింది. వాడు వెక్కుతూ, సైనికులు వాళ్ల నాన్నను మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొట్టిన సంగతి చెప్పాడు. అన్ని పాఠాల్లో ఒక్కసారి కూడా వాడు మాతో ఆ మాట అనలేదు.

నివేదిక చించి, చూసింది చూసినట్టు మళ్లీ రాశాను. ప్రిన్సిపాల్ చదివి, అలసటగా కళ్లు నులుముకున్నారు.

"ఇది పంపితే ఆ పాఠం కూడా తీసేస్తారమ్మా" అన్నారు.

మొదటిదే తిరగరాసి పంపాం. సంతకం నాదే. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.