మునిగిన నిమ్మకాయ

రేపల్లెలో మా రిబ్కా పిన్నిని బకెట్టు టీచరు అనేవారు. ఆవిడ రెండో తరగతి గదిలో నల్లబల్ల కింద ఎప్పుడూ ఒక నీళ్ళ బకెట్టు ఉండేది. పిల్లలు చేతికి దొరికినదల్లా అందులో వేసి చూసేవారు. జనం ఆ పేరు ముద్దుగానే పెట్టారు కానీ, వీధిలో ఎవరైనా అలా పిలిస్తే పిన్ని మొహం మాడిపోయేది. అది గొప్పకు వచ్చిన పేరు కాదని ఆవిడకూ, మా ఇంట్లో వాళ్ళకూ తెలుసు.

పిన్ని పుట్టిల్లు తెనాలి. బర్నబాస్ బాబాయి బాపట్లలో వ్యవసాయ కాలేజీ గుమాస్తా, శనివారం సాయంత్రం బస్సులో ఇంటికొచ్చి సోమవారం తెల్లారి వెళ్ళిపోయేవాడు. మిగిలిన రోజులన్నీ పిన్నికి బడే లోకం. తన తరగతిలో ఒక్క పిల్ల నోట కూడా తప్పు జవాబు రాకూడదని ఆవిడ పంతం. రాలేదు కూడా. అడిగిందే తడవుగా గది గదంతా ఒకే గొంతుతో చెప్పేది. మా పిన్నే అయినా నిజం చెప్పాలి, ఆ గొంతు ఆవిడదే.

ఎనభై తొమ్మిదిలో అనుకుంటాను, వాళ్ళ బడికి సైన్సు పెట్టె వచ్చింది. అయస్కాంతం, భూతద్దం, గాజు తొట్టి, ఇంకా ఏవేవో. పిల్లల చేతనే చేయించమని పైవాళ్ళు చెప్పారు. హెడ్మాస్టరు పూర్ణచంద్రరావు గారు పెట్టెను భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశారు. "పగిలితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేను కదండీ" అనేవారు. కొత్త వస్తువును వాడకుండా దాచడం మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. పెళ్ళిలో వచ్చిన స్టీలు గిన్నెలైనా ఒకటే, సైన్సైనా ఒకటే.

మరుసటి ఏడు ఇన్‌స్పెక్షన్‌కి వసుంధర గారనే ఆవిడ వస్తున్నారని కబురొచ్చింది. రెండో తరగతి పిల్లలు తేలేవి, మునిగేవి నీళ్ళలో వేసి చూపించాలి. ఆ రోజు దాకా తొట్టి బీరువా దాటదు కాబట్టి పిన్ని నల్లబల్ల మీద రెండు గళ్ళు గీసింది. గైడులో ఉన్నట్టే ఆకు, పుల్ల, బెండు తేలేవాటి గడిలో రాసింది. రాయి, మేకు, నిమ్మకాయ మునిగేవాటి గడిలో రాసింది. పిల్లలు వల్లె వేశారు. చుక్క నీరు లేకుండా నీళ్ళ పాఠం అయిపోయింది.

పిన్నికి నిమ్మకాయ తెలియదా అంటే, నిమ్మ మార్కెట్టున్న తెనాలి పిల్లకి నిమ్మకాయ తెలియకపోవడమేంటి? ఏటా పచ్చడికి బుట్టెడు కాయలు బేసిన్లో పోసి, పైకి తేలిన వాటిని తిప్పి తిప్పి కడిగేది. కానీ అది వంటిల్లు, ఇది సైన్సు. రెంటికీ చుట్టరికం ఉందని ఆవిడకు తోచలేదు.

ఆ తరగతిలో వజీరా అని టైలరు అబ్దుల్ రజాక్ కూతురు ఉండేది. ప్రతిదానికీ అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్ల. ఇన్‌స్పెక్షన్ ఇంకా వారం ఉందనగా, పిలవకుండానే లేచి నిలబడింది.

"టీచర్, మా ఇంట్లో బిందెలో నిమ్మకాయ వేశానండి. మునగలేదండి."

"తాగే నీళ్ళలో చెయ్యి పెట్టావా?"

"అమ్మ కొట్టిందండి. కానీ మునగలేదండి."

"నువ్వు సరిగ్గా చూసుండవు. గైడులో మునుగుద్దనే ఉంది. ఇప్పుడు చెప్పు, నిమ్మకాయ ఏమవుద్ది?"

"తేలు..."

"ఏమవుద్ది?"

"మునుగుద్దండి" అంది వజీరా.

"కూర్చో."

ఇన్‌స్పెక్షన్ శనివారం జరిగింది. గాజు తొట్టి మొదటిసారి బల్ల మీదకొచ్చింది. ఆకు తేలింది, మేకు మునిగింది, పిల్లలు చిలకల్లా చెప్పారు. వసుంధర గారు వజీరాను దగ్గరికి పిలిచి చేతిలో నిమ్మకాయ పెట్టారు. "వెయ్యమ్మా. ఏమైందో చూసి చెప్పు."

పసుప్పచ్చగా పండిన కాయ. బుడుంగుమని లోపలికెళ్ళి, పైకొచ్చి, హాయిగా తిరగసాగింది. వజీరా కాయను చూసింది. పిన్ని వైపు చూసింది. తర్వాత చొక్కా చెయ్యి తడుస్తున్నా లెక్కచెయ్యకుండా, కాయను అరచేత్తో తొట్టి అడుగుదాకా నొక్కి పట్టుకుంది.

"మునిగిందండి."

"మునిగిందండీ" అంది గదంతా.

"చెయ్యి తియ్యమ్మా" అన్నారు వసుంధర గారు.

"తీస్తే తేలుద్దండి. టీచర్ మునుగుద్దన్నారండి."

పూర్ణచంద్రరావు గారు దగ్గారు. వసుంధర గారు పిన్ని కేసి చూశారు. నేను తప్పు చెప్పానండి అనడానికి పిన్నికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నాలుక దాకా వచ్చిందట. బయటికొచ్చింది మాత్రం వేరే మాట.

"ఆ పిల్ల కొంచెం మొద్దండి. ఎంత చెప్పినా అంతే."

వజీరా చెయ్యి తీసేసింది. కాయ తేలింది. వసుంధర గారు ఆ పిల్ల చెయ్యి తన కొంగుతో తుడిచి, పక్క గదికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం బాబాయికి పిన్ని అంతా చెప్పింది. ఆయన అన్నం కలుపుతూ విని, "నువ్వు ముందు వేసి చూడలేదా?" అన్నాడు.

"లేదు."

"అయితే మొద్దు ఎవరు?"

పిన్నికి తల కొట్టేసినట్టయింది. వంటింట్లోకెళ్ళి ఉన్న నిమ్మకాయలన్నీ నీళ్ళ గిన్నెలో వేసింది. పండినవి తేలాయి, ఒకటి రెండు పచ్చికాయలు మునిగాయి. గైడు రాసినవాడు పచ్చికాయ వేశాడో, అసలు వెయ్యనే లేదో.

మర్నాడు లూథరన్ గుడిలో అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు చదవాల్సి వచ్చినప్పుడు ఆవిడ పుస్తకం మూసేసింది. పది మందితో కలిసి అనే మాట ఎంత సులువో ఆవిడకు బాగా తెలుసు. పిల్లలకు నేర్పింది అదేగా. సిగ్గుతో తల వంచుకుని కూర్చుంది. పక్కవాళ్ళు భక్తి అనుకున్నారు.

సోమవారం ఇంట్లోని బకెట్టు, నిమ్మకాయలు పట్టుకుని బడికి వెళ్ళింది. తరగతి ముందు నిలబడి, "నేను మీకు తప్పు చెప్పాను. వజీరా చూసి చెప్పిందే రైటు. ఆ పిల్లను మొద్దన్నాను, అదీ తప్పే" అంది. ఇలాంటి దానికి ఏమని జవాబు చెప్పాలో పిల్లలకెవరూ నేర్పలేదు.

వజీరాను పిలిచి కాయ చేతికిచ్చింది. వజీరా నీళ్ళలో వేసింది. కాయ తేలింది.

"ఏమైందమ్మా?"

వజీరా బకెట్టు కేసి చూడలేదు. పిన్ని మొహం కేసి చూసింది.

"ఏమని చెప్పమంటారు, టీచర్?"

పిన్ని ఆ బకెట్టును ఇంటికి తీసుకెళ్ళలేదు. రిటైరయ్యేదాకా అది నల్లబల్ల కిందే ఉంది, దాంట్లో వేసి చూసుకున్న పిల్లలు చాలామంది. వజీరా మాత్రం ఆ ఏడంతా మళ్ళీ చెయ్యెత్తలేదు.