గ్యాసని చెప్పిన ఏడుపు

నా గొంతు గురించి ముందే చెప్పుకోవాలి. నలభై ఏళ్లు సిరిసిల్లలో సాంచాల మధ్య బతికినవాణ్ణి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అవి నడుస్తుంటే పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అవి ఆగినా నా అరుపు ఆగలేదు. పెళ్లిలో నేను గుసగుసలాడితే పంతులు మంత్రం ఆపి చూస్తాడు.

పోయినేడు సాంచాలను తుక్కు కింద అమ్మేశాను. నడిపే ఓపిక లేదు. ఇక హాయిగా పడుకుంటానని వాడంతా చెప్పుకున్నాను. తీరా ఆ నిశ్శబ్దానికి నిద్రే పట్టలేదు. అది పోనీ, ఊరికే ఏడుపు రావడం మొదలైంది. చాయ్ తాగుతున్నా వస్తుంది, గడ్డం గీసుకుంటున్నా వస్తుంది. ఇంత మీసం పెట్టుకుని ఎవరికి చెప్పుకోను? సాయంత్రం బాత్రూంలోకి పోయి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి వచ్చేవాణ్ణి. కళ్లెందుకు ఎర్రబడ్డాయని మా ఇంటామె అడిగితే గ్యాస్ అన్నాను. పాపం, రోజూ వాము నీళ్లు కాచి ఇచ్చింది, పప్పు మాన్పించింది. ఏడుపు తగ్గలేదు గానీ అన్నానికి రుచి పోయింది.

కోరుట్లలో ఉండే మా బిడ్డ ఫోన్లో నా గొంతు విని ఎట్లా పసిగట్టిందో, మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పొమ్మని నా ప్రాణం తోడేసింది. సిరిసిల్లలో అయితే పరువు పోతుందని జగిత్యాల పోయాను. ఇంటామెకు గ్యాస్ డాక్టరని చెప్పి, బోర్డు చదవకుండా మాటల్లో పెట్టి, బయట బల్ల మీద కూర్చోబెట్టాను.

లోపల డాక్టరమ్మ, మా మనవరాలి ఈడుది, "తాతా, ఇక్కడ మాట్లాడింది ఈ గది దాటిపోదు" అంది. నమ్మాను. నా లెక్కన గొంతు తగ్గించే చెప్పాను.

"సాంచాలు పోయినప్పటి సంది నేను దేనికీ పనికిరానోన్ని అనిపిస్తున్నది. నల్లా ఇప్పి ఏడుస్తున్న. మా ఇంటామెకు చెప్పకుండ్రి, ఆగమైతది."

ఆమె లేచి కిటికీ మూసింది. దుమ్ము వస్తోందేమో అనుకున్నాను. తర్వాత తలుపు కూడా గట్టిగా నెట్టింది. అయినా నాకు తట్టలేదు. ఉన్నదంతా కక్కేశాను. గుండె నిజంగానే కొంచెం తేలికైంది.

బయటికి వస్తే బల్లల మీద అందరూ నేల చూస్తున్నారు. ఓ ముసలాయన లేచి నాకు చోటిచ్చాడు. "గ్యాసేనట" అన్నాను ఇంటామెతో. ఎవరో దగ్గారు. ఆమె "ఊ" అని సంచి తీసుకుని లేచింది. బస్సులో వేములవాడ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నా బండారం బల్లలన్నీ విన్నాయని అప్పుడు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ మళ్లీ బాత్రూంలో దూరి నల్లా తిప్పాను. ఆమె తలుపు తట్టింది.

"నల్లా బంద్ చెయ్యి, ట్యాంకు ఒడుస్తది. ఏడ్సేటిదుంటే బయటికచ్చి ఏడ్వు." అక్కడితో ఆగలేదు. "సాంచాలు నీ ఒక్కనియేనా? గిన్నేండ్లు కండెలు చుట్టింది నేను గాదా? నాకు ఏడుపు రాదా?"

నా సాంచాల్లో పడ్డ నూలంతా ఆమె చేతులతో కండెలకు చుట్టిందే. వాటిని అమ్మిన రోజున ఆ చేతులు కూడా ఖాళీ అయ్యాయని నా మట్టిబుర్రకు తట్టలేదు. నల్లా కట్టేసి తలుపు తీశాను.

"నువ్వు యాడ ఏడ్చినవ్?" అని మెల్లగానే అడిగాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"పొయ్యికాడ," అంది. "నీకు వాము నీళ్లు కాసుకుంట."