గొయ్యి అద్దెకు ఇవ్వబడదు

పొందూరులో కూర్మయ్య ఇల్లు అద్దెకు తీసుకుంటే దాంతో పాటు సగం మనిషి ఉచితంగా వచ్చేవాడు. నడుం నుంచి పై సగం. హాలు మధ్యలో ఉదయం తొమ్మిదింటికి నేలలోంచి మొలిచి, సాయంత్రం ఐదున్నరకి మాయమయ్యేవాడు.

సగం మనిషి అనడం కొంచెం ఎక్కువే. మిగిలిన సగం కూడా ఉండేది, మగ్గం గోతిలో. ఉచితం అన్నది మాత్రం నిజం.

కూర్మయ్య నూరో నంబరు అనే అతి సన్నని నూలుతో ఖద్దరు నేస్తాడు. గట్టిగా తుమ్మితే ఆ నూలు తెగుతుంది. అందుకని ఆయన తుమ్ము వస్తే వీధిలోకి వెళ్ళి తుమ్మి వచ్చేవాడు. మగ్గం ముందు నేలలో గొయ్యి ఉంటుంది. నేతగాడు అందులో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. అందులోంచి వచ్చే చెమ్మ నూలును మెత్తగా ఉంచుతుంది. కూర్మయ్య పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న ఆయన కాళ్ళ పొడుగు కొలిచి మరీ ఆ గొయ్యి తవ్వాడు. కొడుక్కి చొక్కా కుట్టించినట్టు గొయ్యి కుట్టించాడన్నమాట.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడు, ఎండాకాలంలో, ఆయన భార్య లక్ష్మణమ్మకి గరివిడిలో ఆడపిల్లల హాస్టల్లో వంట పని దొరికింది. కాపురం అక్కడికి మారాలి. పొందూరు ఇల్లు అమ్మాలా, అద్దెకివ్వాలా అన్న మాట వచ్చింది.

“అమ్మేద్దాం. గరివిడిలో రెండు గదులు ఏసుకుందాం. ఈ వయసులో ఇంకోడి మేడ మీదుండి, ఇంకోడి పంపు కాడ బిందెట్టుకుని నిలబడ్డం నా వల్ల కాదు,” అంది లక్ష్మణమ్మ.

“మరి గొయ్యో?”

“అక్కడ తవ్వుకో.”

“మేడ మీద తవ్వితే కిందోళ్ళ వంటింట్లో నా కాళ్ళు ఏలాడతాయి. నేల మీద తవ్వుదామంటే నువ్వు సూసిన జాగా అంతా రాయే. సెమ్మేదీ? దారం పుట్టుక్కున పోతాది.”

లక్ష్మణమ్మ ఒక షరతు పెట్టింది. “అయితే ఏడాది అద్దెకిద్దాం. ఒకే కుటుంబం ఏడాది నిండా నిలిస్తే ఇల్లుంచుదాం. నడమన కాళీ సేస్తే అమ్మేద్దాం. నువ్వు నోరెత్తకుండా సంతకం ఎట్టాల.”

కూర్మయ్య ఒప్పుకుని గుమ్మానికి అట్ట కట్టాడు: ఇల్లు అద్దెకు ఇవ్వబడును. గొయ్యి ఇవ్వబడదు.

నలుగురు వచ్చారు. ఓనరు రోజూ గరివిడి నుంచి ప్యాసింజర్లో వచ్చి హాల్లో గోతిలోకి దిగుతాడని విని ముగ్గురు వెళ్ళిపోయారు. నాలుగో అతను పృథ్వీరాజ్, బ్యాంకు గుమస్తా. అప్పటికే పదమూడు ఇళ్ళు చూసి కాళ్ళు లాగుతున్నాయి. భార్య దుర్గాభవాని శ్రీకాకుళంలో బీఈడీ చదువుతోంది. ఏదో ఒకటి అని చేరిపోయారు.

అప్పుడు కూర్మయ్యకు ఒక సంగతి తట్టింది. వీళ్ళు ఏడాది లోపు ఖాళీ చేస్తే గొయ్యి పోతుంది. వీళ్ళని విసిగించి ఖాళీ చేయించగలిగిన మనిషి పొందూరు మొత్తం మీద తనొక్కడే. అందుకని వంటింటి వైపు చూడటం మానేశాడు. దగ్గు వస్తే మింగేవాడు. మొగుడూ పెళ్ళాం గొడవ పడితే వినపడనట్టుగా, పోగుల్ని దగ్గరకు నెట్టే మగ్గం పలకని గట్టిగా కొట్టేవాడు. మొదటి నెల నేసిన బట్ట, ఆయన జన్మలో నేయనంత చిక్కగా వచ్చింది.

అయినా దుర్గాభవాని ఆయన చుట్టూ దుప్పటి కట్టింది. ఓ రోజు వాళ్ళమ్మ వచ్చి దుప్పటి తొలగించి చూసింది.

“వీరెవరే?”

“ఇంటి ఓనరమ్మా.”

“తక్కినదేదీ?”

“కిందుంది.”

రెండో నెలలో, దుర్గాభవాని కాలేజీకి వెళ్ళినప్పుడు గ్యాసు బండ వచ్చింది. “పొయ్యి పక్కనెట్టీ నాయనా,” అంది దుప్పటి. బండ తెచ్చినతను దాన్ని వీధిలోనే వదిలి పరిగెత్తాడు. ఆ సాయంత్రమే దుప్పటి తీసేశారు. అప్పటినుంచి పగలు ఆ ఇంటికి తాళం వేయలేదు. తుఫానుకు రైళ్ళు తిరగని రోజుల్లో ఆయన రాకపోతే, దుర్గాభవాని బజారుకెళ్ళి తాళం కప్ప కొనుక్కుంది. మొదటి రోజే తాళంచెవి పారేసుకుంది.

పదకొండో నెలలో పృథ్వీరాజ్‌కి సాలూరు బదిలీ అయింది. ఆ మాట విన్న కూర్మయ్య లేచి, వీధిలోకి వెళ్ళి, తుమ్మకుండానే తిరిగి వచ్చాడు.

ఆ ఆదివారం లక్ష్మణమ్మ కొనేవాణ్ణి తీసుకుని వచ్చింది. పేరు జగన్నాధం, సాలూరులో లారీలున్న మనిషి. ఇల్లు టైర్ల గోడౌనుకి కావాలి. కూర్మయ్య గోతిలోనే కూర్చున్నాడు. సంతకానికి అక్కడే ఎత్తు బాగుంటుందన్నాడు.

“గొయ్యి పూడిస్తే ఇంకో వంద టైర్లు పడతాయి,” అన్నాడు జగన్నాధం.

టీ తెచ్చిన దుర్గాభవాని ఆగింది. “టైర్లు ఎక్కడ పెడతారండీ?”

“ఇక్కడే తల్లీ. మీరెల్లిపోయాక.”

“మేమెక్కడికి వెళ్తాం?”

“మీ ఆయనకి సాలూరు బదిలీ కదమ్మా,” అంది లక్ష్మణమ్మ.

“బదిలీ ఆయనకండీ. నా పరీక్షలకింకా రెండు నెలలుంది. ఆయన ఆదివారాలు వస్తారు.”

“ఒక్కత్తివీ ఎలాగుంటావు?”

“ఒక్కదాన్నేంటండీ, పగలంతా బాబాయి గారుంటారుగా. సాలూరులోనూ ఇల్లు చూశాం. పెద్ద హాలు. కానీ అందులో ఎవరూ లేరు.”

జగన్నాధం గోతి వైపు చూశాడు. “ఈయనున్నది సగమే కదమ్మా.”

“తాళం కంటే నయమండీ.”

లక్ష్మణమ్మ వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టింది. పదమూడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది, అంతే వచ్చాయి. మొగుడి చేతిలోని పెన్ను తీసుకుని మూత పెట్టింది.

“ఇల్లుంచుకో. గరివిడిలో పంపు కాడ మాత్రం రేపట్నుంచి నువ్వు నిలబడాల. అయిదు బిందెలు, రైలెక్కే ముందు.”

కూర్మయ్య తల ఊపాడు. అక్కడ ఊపడానికి కనిపించేది అదొక్కటే.

తర్వాతెప్పుడో ఇదంతా నిజమేనా అని అడిగితే, కూర్మయ్య నేత ఆపకుండా, నేలలోంచి తలెత్తి జవాబు చెప్పాడు.

“అంతా అబద్దం. దుప్పటీ నేదు, టైర్లూ నేవు. ఆ గుమస్తా ఎవుడో నాకు తెల్దు. అసలు మా ఇంట్లో గొయ్యే నేదు.”