సెల్లు కడిగే మాణిక్

మాణిక్ ఏం పని చేస్తడని ఎవరన్న అడిగితే, సెల్లు కడుగుతడని చెప్త. అందరు నవ్వుతరు. మొదట్ల నేను గూడ నవ్విన. నేను అనంతమ్మను, కోహీర్‌దాన్ని. నా కిడ్నీలు చేతులెత్తేసినయి. అప్పటిసంది డయాలసిస్ కోసం జహీరాబాద్ దవాఖానకు తిరుగుతున్న.

తొలిసారి పోయిన దినం పక్క గదిల ఒక పిల్లగాడు కూసోని ఏందో రుద్దుతుండె. ఏం చేస్తున్నవ్ బిడ్డా అంటే, "సెల్లు కడుగుతున్న పెద్దమ్మా" అన్నడు. అయ్యో, ఫోను బురదల వడ్డదేమో అనుకున్న. "కడిగితే ఖరాబైతది, బియ్యంల పెట్టరాదు" అని సలహా గూడ ఇచ్చిన. వాడు కడుపు పట్టుకొని నవ్విండు. అది ఫోను కాదట. మా మిషన్లకు పోయే నీళ్లల్ల ఉప్పెంతున్నదో చూసే మీటర్ ఉంటది, దాని కొనకున్న పుల్లనే సెల్లంటరట.

ఇగ వాణ్ని వదిలిపెట్టలె నేను. వాడేమన్న తక్కువోడా? జేబుల దువ్వెన, అంగీకి సెంటు, రోజు పెండ్లికొడుకు లెక్కనే వస్తడు. ఆ పుల్లను మాత్రం పసిపిల్లకు నీళ్లు పోసినట్టు కడుగుతడు. పక్కన ఒక సీస. అందుల కొలిచి కలిపిన ఉప్పునీళ్లు. మీటర్ ఎంత చూపాల్నో సీస మీద రాసుంటది. పుల్లను ముంచితే గదే అంకె రావాలె, రాకుంటే మీటర్ అబద్ధమాడుతున్నట్టు. "నాకు ఉప్పు బందువెట్టిన్రు గద, నీ సీసలకెళ్లి జర నా పప్పుల పొయ్యరాదు" అంటే, "అది మీటర్ నాష్టా పెద్దమ్మా, నీకియ్య" అంటడు. వాళ్లమ్మ చేసిన చారుల గూడ పుల్ల ముంచి చూస్తడేమో, ఎవరికెరుక!

మొన్న వానలప్పుడు ఝరాసంగంల మా మరదలి బిడ్డ పెండ్లికి పోయి, ఒకసారి డయాలసిస్ తప్పిన. కాళ్లు ఉబ్బినయి. పండుకుంటే ఊపిరాడకపాయె. మా కొడుకు మహిధర్ నన్ను పట్టుకొని దవాఖానకు తెస్తే, మాణిక్ అడ్డం నిలవడ్డడు.

"ఇప్పుడు నీళ్లియ్య. సీసల ముంచితే మీటర్ చానా తక్కువ చూపిస్తున్నది. నీళ్లు ఖరాబైనా మంచిగున్నయనే చెప్తది ఇది."

"ఒక్క పూటకు ఏమైతది భయ్యా, పెట్టు" అని మహిధర్ బతిమాలిండు. నాకు మండింది. "నీ మీటర్ పాడుగాను! నా పానం పోయినంక ఎవరికి పోస్తవురా ఆ నీళ్లు?" అని ఒర్రిన. సగం మాటలకే దమ్మొచ్చింది.

వాడు తిరిగి తిట్టలె, నవ్వలె. నా మంచం పక్కన కూసున్నడు.

"పెద్దమ్మా, తాగే నీళ్లు ఉప్పగుంటే నీ నాలుక చెప్తది. ఈ నీళ్లు నీ నెత్తురును కడుగుతయి. నెత్తురుకు నాలుక లేదు గద."

మహిధర్ మళ్ల బతిమాలవోతే, నేనే వాని చెయ్యి పట్టి ఆపిన.

డాక్టరమ్మ గూడ వాడన్నదే ఖాయం చేసింది. నాకు ఆక్సిజన్ వెట్టి, అంబులెన్స్‌ను గేటు కాడ నిలవెట్టింది. మాణిక్ పుల్లకు పట్టిన పాచంత తీసి, మీటర్‌ను సీసల అంకెకు సరిజేసిండు. అప్పుడు మా మిషన్లకొచ్చే నీళ్లల్ల ముంచితే బయటపడ్డది అసలు సంగతి. లోపల ఫిల్టర్ చినిగి, బోరునీళ్ల ఉప్పు సక్కగ మా దిక్కే వస్తున్నది. సంగారెడ్డి నుంచి కొత్త ఫిల్టర్ వచ్చేసరికి పగలు గడిచింది. అది బిగించి, మళ్ల కొలిచి, మళ్ల సీసల ముంచి చూసినంకనే వాడు తల ఊపిండు.

నన్నే ముందుగాల మిషన్‌కు వెట్టిన్రు. ఇగ ఇంటికి పో బిడ్డా అంటే మాణిక్ పోలె. మీటర్ దిక్కొకసారి, నా దిక్కొకసారి చూసుకుంట నిలవడ్డడు. మిషన్ మీద ఉన్నంతసేపు నేనెన్నడు కండ్లు మూసినదాన్ని కాదు, మళ్ల తెరుస్తనో లేదోనని భయం. ఆ దినం వాడున్నడని నిద్రవోయిన. గురక గూడ వెట్టిన్నట.