మగ్గం ఆపని ఉరుకుందమ్మ

నేతపని చేసేవాళ్ల గురించి రాయమంటే మనవాళ్లు ముందు వాళ్ల చేతులకో దండం పెడతారు. ఉరుకుందమ్మకు ఆ దండాలతో పని లేదు. ఎమ్మిగనూరు పక్క పల్లెలో ముప్పై ఏళ్లుగా గుంతమగ్గం మీద నేస్తున్న మనిషి. నోరు పెద్దది, ఓపిక తక్కువ. చెవి మాత్రం అసాధ్యమైనది. పోగును అటూ ఇటూ మోసే నాడె పరుగెత్తే చప్పుడును బట్టే పోగు తెగిందని పసిగట్టేది.

1975లో ఆ పల్లెకు ఉపగ్రహం టీవీ వచ్చింది. పంచాయతీ కప్పు మీద కోళ్లగూటికి కొట్టే జాలీ లాంటి జాలీతో పెద్ద గొడుగులా యాంటెన్నా, కింద గదిలో టీవీ పెట్టె. సాయంత్రమైతే ఊరంతా అక్కడే. ఎదురుగా నేతవీధిలో ఉరుకుందమ్మ మగ్గం మాత్రం ఆడుతూనే ఉండేది. పక్కన, గొంతు పెద్దగా వినబడాలని ఖాళీ గంజికుండలో పెట్టిన పంచాయతీ రేడియో. నేసేవాళ్లందరికీ వినబడుతుందని సర్పంచి లక్ష్మప్పే దాన్ని ఆమె ఇంట్లో పెట్టించాడు.

కొన్నాళ్లకు కర్నూలు నుంచి శ్రీపాదరావనే అధికారి వచ్చాడు. ఉపగ్రహం ధ్వని మేలా, రేడియో ధ్వని మేలా అని జనాన్ని అడిగి రాసుకోవడం అతని పని. ఉపగ్రహమే మేలని తేలితే రేడియోను ఇచ్చేస్తామని లక్ష్మప్ప వేరే ఊరివాళ్లకు ముందే మాటిచ్చేశాడు.

రేడియోను కుండలోంచి తీసి పంచాయతీ గదికి తెచ్చారు. తలుపులు మూసి రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించారు. రేడియోలో కరకర. ఉపగ్రహం గొంతు మాత్రం కడిగినట్టు తేటగా ఉంది. అందరూ దానికే వేలిముద్ర వేశారు. వాళ్లేమీ అబద్ధమాడలేదు.

ఉరుకుందమ్మ వంతు వచ్చింది.

"పెట్టె గొంతు తేటగా ఉండాది సార్, కాదన్ను. ఏలు మాత్రం ఎయ్యను."

"ఎందుకమ్మా?"

"తలుపులేసిన గదిలో కూసోని నేనెప్పుడు ఇంటాను? నా మగ్గం కాడికొచ్చి అడుగు."

"ఏమ్మో, సారు నీ గుంత కాడికి రావల్లనా?" అన్నాడు లక్ష్మప్ప.

"ఓటుకు నువ్వు రాలేదాప్పా?"

జనం నవ్వారు. శ్రీపాదరావు కూడా నవ్వి, ఆమె వెంట నడిచాడు.

ఆమె రేడియోను మళ్లీ కుండలో పెట్టి గుంతలోకి దిగింది. కాళ్లతో మగ్గం ఆడించింది, టకటక చప్పుడు మొదలైంది. పంచాయతీ గది తలుపులు తీయించి, టీవీ గొంతు పూర్తిగా పెంచమంది. వినబడింది రాసుకోమంది. ఆ చప్పుడులో శ్రీపాదరావు కాగితం మీద పడినవి రెండే మాటలు. తర్వాత టీవీ ఆపించి, మగ్గం ఆడిస్తూనే రేడియో పెట్టింది. కుండలోంచి గొంతు జలుబు చేసిన మనిషిదిలా వచ్చింది కానీ, పత్తి గురించి చెప్పిన వాక్యం మొత్తం దొరికింది.

"ఇది న్యాయమైన పరీక్ష కాదమ్మా. టీవీ అంత దూరంలో ఉంది. రేడియో నీ పక్కనే ఉంది."

"అట్లయితే టీవీని ఈడికి తెప్పియ్యి."

"గొడుగును వదిలి రాదు."

"నా మగ్గం గుంతనొదిలి వస్తుందా? ఇనేటోళ్లు యాడుంటే ఆడ పరీక్ష పెట్టల్ల సార్, పెట్టె యాడుంటే ఆడ కాదు."

అతను తన కాగితం చూపించాడు. "అందరూ అటే వేలు వేశారు కదా?"

"వాళ్లల్లో సాయంత్రం నేసేటోళ్లని మళ్లా అడుగు."

గుమ్మంలో నిలబడ్డ తిక్కయ్య పక్కింటి నేతగాడు. అతనూ టీవీకే వేలు వేశాడు. అధికారి తనవైపు చూసేసరికి మెడ గోక్కున్నాడు.

"బొమ్మ సూసేటప్పుడు పెట్టె సార్. నేసేటప్పుడు... రేడియోనే."

వెనక ఇంకో ఇద్దరు నేతగాళ్లు తలలూపారు. నిజానికి పరీక్షలో తప్పు చెవులది కాదు, ప్రశ్నది. అది ఒప్పుకోవడానికి చదువుకున్నవాడికి కాస్త సమయం పట్టింది. చివరికి వేలిముద్రల కింద శ్రీపాదరావు తన చేత్తోనే రాశాడు: మగ్గాల దగ్గర రేడియోయే వినబడుతోంది, తీయరాదు.

"మరి నేనిచ్చిన మాట?" అన్నాడు లక్ష్మప్ప.

"వెనక్కి తీసుకోండి. రేడియో ఎక్కడికీ పోదు."

ఉరుకుందమ్మ దండం పెట్టలేదు, సంతోషమనీ అనలేదు.

"పోకుంటే మంచిదే. పక్కకు జరుగు సార్, ఎలుతురికి అడ్డం నిలబడినావు."