ఆ సర్వర్ పడేసింది శ్రీధర్ అన్న కాదు

నిన్న పొద్దున శ్రీధర్ అన్న భార్య పద్మ వదిన ఫోన్ చేసింది.
"మీ అన్న పోయిండు కిరణ్" అంది.
అంతే.

ఫోన్‌ను గోడకేసి కొట్టాను. మా పాప పరుగెత్తుకొచ్చి "డాడ్, వాట్ హ్యాపెన్డ్?" అంది.

శనివారం మధ్యాహ్నం, అన్నవాళ్లుండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో షాపుల ముందు కార్ పార్క్. ఒకడు ఒకమ్మాయిని జుట్టు పట్టుకుని కారులోంచి ఈడుస్తున్నాడట. చుట్టూ ట్రాలీలతో జనం. కొందరు వీడియో తీస్తున్నారు.
అన్న వెళ్లి మధ్యలో నిలబడ్డాడు.
వాడు ఒక్క గుద్దు గుద్దాడు. అన్న వెనక్కి పడ్డాడు. తల కాంక్రీట్ అంచుకు కొట్టుకుంది. మళ్లీ కళ్లు తెరవలేదు.

వాడిని పోలీసులు పట్టుకున్నారు. నా చేతికి దొరికి ఉంటే ఏం చేసేవాడినో రాస్తే ఈ పోస్ట్ తీసేస్తారు.

నేను రాస్తున్నది మాత్రం నా తప్పు ఒకటి ఒప్పుకోవడానికి.

నిన్న సాయంత్రం లాప్‌టాప్‌లో చూస్తే, పాత ఆఫీస్ గ్రూప్‌లో ఎవరో "మిస్ యూ, సింగిల్ పార్టిషన్ శ్రీధర్" అని పెట్టారు. ప్రేమగానే. కింద అన్నీ హార్ట్‌లు.
ఆ పేరు నిజానికి నాకు పడాల్సింది.

ఐటీ తెలియనివాళ్ల కోసం చెప్తాను. కొత్త సర్వర్ పెట్టేటప్పుడు డిస్క్‌ను ముందే భాగాలు చేస్తాం. అవే పార్టిషన్లు. సిస్టమ్‌కి ఒకటి, అప్లికేషన్‌కి ఒకటి, లాగ్స్‌కి, అంటే సర్వర్ తను చేసే ప్రతి పనీ రాసుకునే ఫైళ్లకి, ఇంకొకటి.
అప్పట్లో మా టీమ్ లీడ్ అన్నే. ఆయన దగ్గర ముందు కాగితం మీద గీయాలి. దేనికి ఎంతో రాయాలి. కొంత జాగా దేనికీ ఇవ్వకుండా దాచాలి. అప్పటిదాకా కీబోర్డ్ ముట్టనిచ్చేవాడు కాదు.
"అన్నీ ఒక్కదాంట్లనే పోస్తే, లాగ్స్ నిండిననాడు మొత్తం సర్వరే సస్తది. ఎన్నిసార్లు జెప్పాలెరా నీకు?" అని ఒకసారి మార్కర్ విసిరికొట్టాడు. చెవి పక్కనుంచి పోయింది.

అన్న లీవులో ఉన్న వారం, ఆయన పేరు మీదున్న కొత్త అప్లికేషన్ సర్వర్ పని నా చేతికొచ్చింది.
కాగితం గీయలేదు. డిస్క్ మొత్తం ఒకే పార్టిషన్ చేసేసి ఫ్రెండ్స్ బార్బెక్యూకి వెళ్లిపోయాను.

పది రోజులకు అప్లికేషన్‌లో ఏదో ఎర్రర్ మొదలై, అదే లైన్‌ను లాగ్స్‌లో ఆపకుండా రాసుకుంటూ పోయింది. డిస్క్ నిండింది. సర్వర్ పడిపోయింది. లాగిన్ కూడా కాలేదు.

మేనేజర్ కుర్చీలు తన్నుకుంటూ వచ్చి, "హూ బిల్ట్ దిస్?" అని నా కాలర్ పట్టుకున్నాడు.
నా వీసా స్పాన్సర్‌షిప్ అప్పుడు అతని సంతకం మీదే ఉంది.

అప్పటికి అన్న లీవు నుంచి వచ్చేశాడు. మా మధ్యకు దూరి, నా కాలర్ విడిపించి, "ఐ డిడ్" అన్నాడు.
మేనేజర్ రెండు చేతులతో తోశాడు. సర్వర్లు పెట్టే ర్యాక్ తలుపు అంచుకు అన్న మోచెయ్యి చీరుకుపోయింది. చొక్కా చెయ్యంతా నెత్తురు.
దానికే టిష్యూలు చుట్టుకుని, నాతో కూర్చుని సర్వర్ మళ్లీ కట్టాడు.

"నిజం చెప్పేస్తానన్నా" అన్నాను.
"నీ పీఆర్ రానీ. అప్పుడు జెప్పు" అన్నాడు.

అన్న టీమ్ లీడ్ పోస్ట్ పోయింది. ఆ పేరు మాత్రం ఉండిపోయింది.

నా పీఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చి రెండేళ్లు దాటింది.
ఎక్కడ కలిసినా ఎవరో ఒకరు అన్నను ఆ పేరుతో పిలిచేవారు. అందరితోపాటు నేనూ నవ్వేవాడిని. అన్న నావైపు చూసేవాడు కూడా కాదు.
ఒకసారి వదినే అంది, "ఊరందరికి నేర్పుతడు, తనే తప్పు జేసిండు" అని. నేను తల దించుకుని అన్నం తిన్నాను. సిగ్గులేని బతుకు నాది.

వదినా, ఆ సర్వర్ నేను చేశాను. అన్న ఒక్క డిస్క్‌ను కూడా కాగితం మీద గీయకుండా ముట్టలేదు.
ఈ మాట ఆయన వింటుండగా చెప్పడానికి నాకు రెండేళ్లు టైమ్ ఉండింది.
రేపు ఇంటికొస్తాను. తిట్టు, కొట్టు, నీ ఇష్టం.

వెళ్లిరా అన్నా. ఎవరి దెబ్బా నువ్వు కాయాల్సిన పనిలేని చోట ప్రశాంతంగా ఉండు.