దొర రాయని పేరు

పెద్దమ్మ పోయిందని మావయ్య ఫోన్ చేసినప్పుడు నేను గన్నవరం నుంచి వస్తున్న బస్సులో నిలబడి ఉన్నాను. "నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కోపం వచ్చింది, చేతిలో పని సగంలో వదిలేసి వెళ్లే మనిషి కాదు ఆమె. మర్నాడు పేపర్లో చిన్న వార్త వేశారు, "ఆంగ్లేయుల ఉత్తరాల సేవలో జీవితం గడిపిన విశ్రాంత అధ్యాపకురాలు" అని. సేవట! పెద్దమ్మ ఉంటే ఆ రాసినాయన్ని ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి మరీ కడిగేసేది. ఆమె లేదు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను.

విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆమె చరిత్ర చెప్పింది. రిటైరయ్యాక సత్యనారాయణపురం ఇంట్లో, ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పాత ఉత్తరాలు చదవడం మొదలుపెట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో కాలువల పనికి కృష్ణా డెల్టాకి వచ్చిన ఒక ఇంజనీరు దొర, కలకత్తాలో ఉన్న స్నేహితుడికి రాసినవి అవి. లండన్‌లో ఒక లైబ్రరీ వాళ్లు భద్రంగా దాచి, స్కాన్ చేసి పెట్టారు. ఆ దొరకి మన రాతి శాసనాలంటే పిచ్చి. కాగితం కలిసొస్తుందని, నిండిన పేజీనే అడ్డంగా తిప్పి దాని మీదే మళ్లీ రాసేవాడు. ఆ వరసలు చదవడానికి పెద్దమ్మ మానిటర్‌ని పక్కకి పడుకోబెట్టేది. చేతి కింద వేయించిన వేరుశనక్కాయలు ఉండాల్సిందే. తొక్కలన్నీ కీబోర్డులోకే పోయేవి.

చదువుతూ దొరతో పోట్లాడేది, అదీ పైకి వినబడేలా. "ఏం దొరా, కాలువ నువ్వొక్కడివే తవ్వావా?" అని ఆమె గద్దిస్తుంటే వీధిన పోయేవాళ్లు ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందనుకునేవారు. అలాగని ద్వేషం లేదు. తన పసిపాప జ్వరంతో పోయిందని దొర రాసిన ఉత్తరం దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది. "ఆ బాధ బాధేనే. దాన్ని కాదనను" అంది నాతో. మర్నాడు మళ్లీ పోట్లాట.

ఆమె ఒంటికి కారం రాసినట్టయ్యే సంగతి ఒకటుంది. ఆ ఉత్తరాల్లో దొర గుర్రానికి పేరుంది. కుక్కకి పేరుంది. శాసనాలు చదివిపెట్టిన మనిషికి మాత్రం లేదు. ఎక్కడ చూసినా "నా పండితుడు", అంతే. కలకత్తా స్నేహితుడు మెచ్చుకుంటే ఆ మెప్పు దొర ఖాతాలో పడేది.

ఉత్తరాలు తెలుగు చేస్తూ పెద్దమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. దొర "నా పండితుడు" అన్న ప్రతిచోటా, ఒక మనిషి పేరు పట్టేంత ఖాళీ వదిలేది. టైపు చేసే ప్రెస్సాయన, పాపం, శ్రద్ధగల మనిషి, ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని ఖాళీలన్నీ దగ్గరికి జరిపేసి ప్రూఫులు పంపాడు. పెద్దమ్మ ఆ ప్రూఫులు పట్టుకుని సిటీ బస్సెక్కి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని ఒక్కో ఖాళీనీ మళ్లీ తెరిపించింది.

"చదివేవాళ్లు తప్పు పోయిందనుకుంటారు మేడమ్ గారూ" అన్నాడాయన.

"తప్పేనండీ. నాది కాదు, దొరది. అది అందరికీ కనపడనివ్వండి."

తర్వాత గుడివాడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మంచివారే, అచ్చు ఖర్చంతా పెట్టుకుంటానన్నారు. "ఆ దొర దగ్గర పనిచేసింది మా ముత్తాతగారే అండీ. మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. ఆ ఖాళీల్లో ఆయన పేరు వేయించండి, చాలు."

"కాగితం ముక్కేమైనా ఉందా అండీ?"

"ఎక్కడుంటుందండీ? ఖాళీగా ఉండేకంటే మన తెలుగాయన పేరుంటే మంచిదేగా?"

"ఒకసారి దొర ఆ మనిషి పేరు మింగేశాడు. రుజువు లేకుండా ఇంకో పేరు పెడితే రెండోసారి మనం మింగినట్టండీ" అంది పెద్దమ్మ. ఆయనకి మజ్జిగ ఇచ్చి గుమ్మం దాకా సాగనంపింది. అచ్చుకి డబ్బు లేక పుస్తకం అలాగే ఆగిపోయింది. అచ్చులో చూడకుండానే పోతానేమోనన్న భయం ఆమెకి ఉండేది, నాకు తెలుసు. ఒక్కసారీ పైకి అనలేదు.

పెద్దకర్మ రోజున ఆయన మళ్లీ వచ్చారు. అట్ట మీద పెద్దమ్మ ఫొటో వేయిద్దామన్నారు, కళ్లు కూడా తుడుచుకున్నారు. ఆ ఖాళీల సంగతి మాత్రం మర్చిపోలేదు. మావయ్య నన్ను పక్కకి పిలిచి, "ఒప్పుకోవే. దాని పేరన్నా నిలబడుద్ది" అన్నాడు. ఫైళ్లన్నీ పెద్దమ్మ నాకే అప్పగించింది. నేను ఒప్పుకోలేదు. పెద్దమ్మ పేరు నిలబెట్టడానికి పెద్దమ్మ మాటే కొట్టేయాలా? మావయ్యకి నా మీద ఇంకా కోపంగానే ఉంది. ఉండనివ్వండి. పుస్తకం మెల్లగా వస్తుంది, ఆమె వదిలినట్టే వస్తుంది.

పోయిన ఆదివారం ఆమె పాత విద్యార్థినులు గవర్నరుపేటలో ఒక హాలు తీసుకుని సంస్మరణ సభ పెట్టారు. గుడివాడ పెద్దాయన ముందు వరసలోనే కూర్చున్నారు. విద్యార్థినులు నన్ను ఒక ఉత్తరం చదవమన్నారు. ఊరి చివర పొలంలో శాసనం దొరికిన రోజు దొర రాసిన ఉత్తరం తీశాను. "ఎండకు ఆగలేక నేను డేరాలోకి వెళ్లిపోయాను. సాయంత్రం దాకా ఆ రాతి ముందు కూర్చుని చివరి అక్షరం వరకూ చదివినది" అని చదివి, ఖాళీ దగ్గర ఆగాను.

ఒక పేరు పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతకన్నా ఎక్కువసేపే ఆగాను. ఎవరో దగ్గారు. వెనక నుంచి ఒకావిడ, గొంతు పూడుకుపోయిందనుకుని, "మంచినీళ్లివ్వండమ్మా" అంది. పెద్దాయన తలెత్తి నా వంకే చూస్తున్నారు. నేనూ ఆయన వంకే చూస్తూ నోరు మూసుకుని నిలబడ్డాను. మైకు చూసుకునే అతను కంగారుగా పరిగెత్తుకొచ్చి, వేలితో రెండుసార్లు తట్టి చూశాడు. హాలంతా ఖంగున మోగింది. మైకు పనిచేస్తూనే ఉంది.